ఆరేసి నిమిషాల్లో రాసిన ఉత్తరం

మా స్టాపులో ఆమెని అందరూ గడియారం అంటారు. పన్నెండో నంబరు బస్సు నడుపుతుంది. ఆ బస్సుకి ఆఖరి స్టాపు సరిగ్గా నా జిరాక్స్ కొట్టు ఎదురుగానే. వచ్చి ఆరు నిమిషాలు ఆగుతుంది, ఆ తర్వాత బ్రహ్మదేవుడు పరిగెత్తుకొచ్చినా ఆగదు. ఒకసారి నా చెప్పు తెగి, పదడుగుల దూరంలో నిలబడి చెయ్యి ఊపుతుంటే, అద్దంలో చూసి మరీ వెళ్లిపోయింది. మర్నాడు నిలదీస్తే, "మీ ఒక్కరి కోసం ఆగితే ముందు స్టాపుల్లో నలభై మంది ఆగాలి కదా బాబాయ్" అంది. రెండ్రోజులు ఆమెతో మాట్లాడలేదు నేను. మూడో రోజు కొత్త చెప్పులు చూసి బాగున్నాయంది, పోనీలే అనుకున్నాను.

నా కొట్లో జిరాక్సులే కాదు, ఫారాలు నింపుతాను, ఉత్తరాలు టైపు చేస్తాను. ఈ పరాయి దేశం వచ్చిన ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నా ఉత్తరం చదివితే రాయైనా కరుగుతుందని నాకో నమ్మకం ఉండేది. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఒకరోజు మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా నా బల్ల ముందుకొచ్చింది. "బాబాయ్, మా అక్కని ఇక్కడికి రప్పించాలి. టూరిస్టు వీసాకి ఏమేం కావాలో చెప్పండి. నాలుగు నిమిషాలుంది."

తల్లి పోయాక ఆమెని పెంచింది ఆ అక్కే. తొమ్మిదో ఏట సీటు పట్టుకుని వెనకాలే పరిగెడుతూ సైకిలు నేర్పింది కూడా ఆవిడే. చెల్లెలు పెళ్లి చేసుకుని భర్తతో ఈ దేశం వచ్చి పదకొండేళ్లయింది. అక్కాచెల్లెళ్లు మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నది ఫోన్లోనే.

"ఇంత పెద్ద బస్సు నడుపుతున్నానంటే నమ్మదు బాబాయ్. సైకిలు మీంచి మురిక్కాలవలో పడ్డదానివి నువ్వా అని నవ్వుతుంది. ఒక్కసారి తీసుకొచ్చి నా వెనక సీట్లో కూర్చోబెట్టాలి. అంతే నా కోరిక" అంది.

కాగితాలన్నీ సమకూర్చాం. పిలుస్తున్న వాళ్లు స్వయంగా ఒక ఆహ్వానపు ఉత్తరం జత చేయాలి. అది నాకొదిలెయ్ అన్నాను. ఇక చూడండి నా ప్రతాపం. 'అమ్మ తర్వాత అమ్మ లాంటిది మా అక్క. ఆవిడ లేక నా ఇల్లు ఇల్లులా లేదు. ఎన్నాళ్లున్నా మాకు బరువు కాదు. ఒకసారి వచ్చిందంటే ఇక వదిలిపెట్టేది లేదు.' ఈ మాటలన్నీ ఇక్కడి భాషలోకి దింపి, చదివి వినిపిస్తే ఆమె కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, దాచడమెందుకు.

మూడు వారాలకి జవాబొచ్చింది. కుదరదన్నారు. గడువులోగా తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదట.

"ఎందుకు నమ్మలేదు బాబాయ్?" అంది. నా ఉత్తరం నకలు తీసి, ఈసారి వీసా ఆఫీసరునని అనుకుని చదివాను. ఇలా పిలిస్తే నేనైనా తిరిగి వెళ్లను. చుట్టాన్ని పిలిచేటప్పుడు, ఎప్పుడు పోతావని మనవాళ్లెవరైనా అడుగుతారా? బయల్దేరిన వాళ్ల సంచీ దాచేసే జాతి మనది. ఆ ఆఫీసుకి కావలసిందేమో సరిగ్గా ఆ అడగకూడని మాటే. ఇరవై రెండేళ్ల అనుభవం పెట్టుకుని ఆ సంగతి నాకు తట్టలేదు చూశారూ, అదీ నా తెలివి.

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. గడియారం ఆ నకలు మడిచి నా చేతికిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. "మళ్లీ వేద్దాం. కానీ ఇదే ఆఖరు. రెండోసారీ వద్దంటే, నన్ను రావద్దన్న చోటికి ఇక రానే రానంది అక్క. దాని పంతం మీకు తెలీదు" అని బస్సెక్కింది.

రెండో ఉత్తరం ఆరేసి నిమిషాల చొప్పున అయిదు రోజులు రాశాం. మొదటి రోజు అడిగాను. "మీ అక్క తిరిగి ఎందుకు వెళ్తుంది? అక్కడ ఆవిడకేముంది?"

"సైకిళ్లు బాగుచేసే కొట్టుంది."

"ఎన్నాళ్లు మూసిపెట్టగలదు?"

"తెలీదు."

"పోనీ, ఆవిడ కోసం ఎదురుచూసే వాళ్లెవరు?"

ఆమె నా బల్ల మీది పిన్నుల డబ్బా అటూ ఇటూ తిప్పింది. "తెలీదు బాబాయ్. పదకొండేళ్లుగా ఫోన్లో నా సోదే చెప్పాను. తన సంగతి నేనడగలేదు."

మర్నాడు బస్సు ఆపీ ఆపగానే దిగింది. మొహం వెలిగిపోతోంది. అక్క ప్రతి ఆదివారం ఆడవాళ్లకి సైకిలు నేర్పుతుందట. అందరూ నలభై దాటినవాళ్లే. ఒకావిడకైతే అరవై ఒకటి. ఇప్పటికీ సీటు పట్టుకుని వెనకాల పరిగెడుతుందట. కొత్తగా పద్నాలుగు మంది పేర్లిచ్చారు, వచ్చే నెలాఖర్లో మొదలుపెట్టాలి. "పద్నాలుగు మంది బాబాయ్. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. అదేమే అంటే, నువ్వడిగావా అంది."

అవి మొదలయ్యేలోగా వచ్చి వెళ్లాలంటే, ఆ లెక్కన ఇరవై ఎనిమిది రోజులు కుదురుతాయి. అదే రాశాం. ఆ పద్నాలుగు మంది సంగతీ రాశాం. ఆఖరి రోజు, ఇంకో మాట రాయమంది. 'మూడు వారాలు దాటితే అక్క నా వంటింట్లో డబ్బాలన్నీ తనకి నచ్చినట్టు సర్దేస్తుంది. నాకు కోపమొస్తుంది. ఇద్దరం పోట్లాడుకుంటాం.' ప్రభుత్వానికి రాసే కాగితంలో డబ్బాలేంటమ్మా అని మొత్తుకున్నాను. నిజమే రాయండంది. కింద తనే సొంత చేత్తో రాసింది: 'నేను బస్సు డ్రైవర్ని. ఎవరికోసమూ బండి ఆపను. చెప్పిన రోజున అక్కని పంపుతాను.'

వీసా వచ్చింది. పన్నెండు రోజుల్లో. కాగితం చేతిలో పట్టుకుని నా స్టూలు మీద కూలబడి నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది, అయినా సరిగ్గా టైముకి లేచి వెళ్లిపోయింది. ఆ రోజు నా కొట్లో జిరాక్సు తీయించుకున్న వాళ్లందరికీ ఈ కథ చెప్పాను, అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ.

అక్క వచ్చిన మర్నాడు పన్నెండో నంబరు చూడాలి. డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్కన, ఒళ్లో సంచీ పెట్టుకుని మహారాణిలా కూర్చుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉంది. ఎక్కిన ప్రతివాళ్లకీ భాష రాకపోయినా ముందు చెల్లెల్ని చూపించడం, తర్వాత తన గుండె మీద చెయ్యి పెట్టుకోవడం. వాళ్లకి అర్థమైంది. ఒక ముసలాయనైతే దిగేటప్పుడు ఆవిడతో చెయ్యి కలిపాడు. ఇంతా చేసి నా కొట్లోకొచ్చి మొదట అడిగిందేమిటో తెలుసా? "ఆ మొదటి ఉత్తరం తమరే రాశారటగా?" నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇరవై అయిదో రోజున గడియారం ఒక్కతే వచ్చింది. డబ్బాల మీద పోట్లాట అప్పటికి రెండుసార్లయిందట. "వీసా తొంభై రోజులకిచ్చారు కదా బాబాయ్. మనం ఇరవై ఎనిమిదే ఎందుకు రాశాం?"

"ఉండమని అడిగి చూడు" అన్నాను.

"అడిగితే ఉంటుంది. అందుకే అడగను" అంది.

ఇరవై ఎనిమిదో రోజు ఆమె సెలవు పెట్టలేదు. ఎయిర్‌పోర్టు బస్సు మా స్టాపునుంచే బయల్దేరుతుంది. భర్త పెట్టెలతో అక్కడ నిలబడ్డాడు, అక్కాచెల్లెళ్లు పన్నెండో నంబరు పక్కన నిలబడ్డారు. వాళ్లకున్నది ఆరు నిమిషాలు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు, వినడానికి ప్రయత్నించాను కానీ. ఆరో నిమిషం వచ్చింది. గడియారం అక్క చెయ్యి వదల్లేదు. నేను కొట్లో గోడ గడియారం వైపు చూశాను, ఇవాళ్టికి ఆగితే ఏం పోయిందమ్మా అని మనసులో అనుకున్నాను.

అక్కే ఆమెని భుజం పట్టి మెట్లెక్కించింది. బస్సు వెనక్కి నడిచి, రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలేసి, "రైట్ రైట్" అంది. బస్సు కదిలింది. ఆవిడ చెయ్యి రేకుకి ఆనించి నాలుగడుగులు వెంట పరిగెత్తి, వదిలేసింది. టైము చూశాను. ఒక్క సెకను ఆలస్యం కాలేదు.

మరుసటి ఏడాది గడియారం మళ్లీ నా బల్ల ముందుకొచ్చింది. "బాబాయ్, ఈసారి ఉత్తరం చిన్నది. చెప్తాను, కొట్టండి" అంది. కొట్టాను.

'పోయిన ఏడాది అక్కని చెప్పిన రోజునే పంపాను. ఈసారీ పంపుతాను. పంపడం నాకు ఇష్టం లేదు.'

ఆ మూడో ముక్క తీసేద్దామా, మళ్లీ అనుమానిస్తారేమో అన్నాను, ఒకసారి చేతులు కాలినవాణ్ని కదా.

"ఉండనివ్వండి, నిజమేగా" అని సంతకం పెట్టింది. ఇంకా రెండు నిమిషాలుంటే, కూర్చుని అక్క దగ్గర నేర్చుకున్న పద్నాలుగు మంది పేర్లూ నాకు వరసగా చెప్పింది.

వీసా తొమ్మిది రోజుల్లో వచ్చింది.