పొగబెట్టి నిలిపిన చేపలు

మేముండే ట్రాయ్ ఊళ్లో మా పక్కింటావిడది ఘానా తీరంలో చేపలు పట్టే ఊరు. అరవై దాటిన మనిషి, ఒంటరిగా ఒక చిన్న కిరాణా కొట్టు నడిపేది. నేను ఆంటీ అనేదాన్ని. ఆవిడ నన్ను ‘కూతురా’ అనేది.

ఒక జులైలో గాలివానకు చెట్లు కూలి, మా వైపంతా కరెంటు పోయింది. మూడు రోజుల దాకా రాదన్నారు. మర్నాడు పొద్దున్నే ఆంటీ కొట్టు ఫ్రీజర్లోని చేపలన్నీ వ్యాన్‌లో వేసుకుని ఇంటికి తెచ్చేసింది. ఎక్కువగా కానాగంతలు. అప్పటికింకా గట్టిగానే ఉన్నాయి.

“డ్రైవ్ చేసి ఎక్కడన్నా ఐస్ దొరుకుతుందేమో చూసొస్తాను, ఆంటీ” అన్నాను.

“ఐస్ ఎందుకు? మా అమ్మ ఐస్ మొహమే చూడలేదు. నువ్వు కత్తి పట్టుకో.”

పెరట్లో రెండు ఇనప డ్రమ్ములు నిలబెట్టి, వాటి మీద ఇనప తీగల తట్టలు పేర్చింది. వానకు పడిన కొమ్మలు నేను లాక్కొస్తే వద్దంది. పచ్చి కట్టె పొగ చేదట. గరాజ్‌లోంచి ఎండిన ఓక్ కట్టెలు తీసి డ్రమ్ముల్లో మంట పెట్టింది.

చేపలు కోస్తూ వాళ్ల ఊరి గురించి చెప్పింది. అక్కడ మగవాళ్ల పని ఒడ్డు దాకానే. పడవ ఇసుకను తాకిందంటే, ఇక చేప ఆడవాళ్లది. వాళ్లమ్మ నడుం లోతు నీళ్లలోకి వెళ్లి పడవ దగ్గరే ధర తేల్చేది. ఆవిడ చెప్పిందే ఆ రోజు ధర. వల కొన్నదీ, ఇంజనుకు ఆయిల్ పోయించిందీ ఆవిడే. చేపలు విరగబడిన రోజుల్లో ప్రతి ఇంటా పొయ్యిలు మండేవి. పొగబెట్టిన చేప నెలల తరబడి నిలుస్తుంది, లారీలెక్కి సముద్రం ఎరగని ఊళ్లకు వెళ్తుంది.

“మగవాళ్లు చేపను పడతారు. దాన్ని అన్నంగా మార్చేది మేం” అంది.

మధ్యాహ్నానికి వీధిలో ఎవరో పొగ చూసి ఫోన్ చేసినట్టున్నారు, ఫైరింజన్ వచ్చింది. ఆంటీ తట్ట మార్చి, చెయ్యి తుడుచుకుని ఎదురెళ్లింది.

“ఏం చేస్తున్నారు మేడమ్?” అన్నాడు వచ్చినాయన.

“నా కొట్టును కాపాడుకుంటున్నాను.”

ఆయన డ్రమ్ముల చుట్టూ తిరిగాడు. పక్కనే నీళ్ల పైపు సిద్ధంగా ఉండటం చూసి తల ఊపాడు. కంచెకు ఇంకాస్త ఎడంగా జరపమన్నాడు, అంతే.

సాయంత్రం మావారు ఆఫీస్ నుంచి వస్తూనే, “వాసన కార్‌లోకే కొట్టింది. మన గ్రిల్ కూడా తెచ్చేదా?” అన్నారు. తెమ్మంది ఆంటీ. తట్టలు కిందివి పైకి, పైవి కిందికి మారుస్తూ, ఎంత ఆరిందో ఒట్టి వేళ్లతో ఒక్కో చేపనూ నొక్కి చూసేది. నేనూ అలాగే చేయబోయి రెండు వేళ్లు కాల్చుకున్నాను. ఎండ తగ్గేసరికి చేపలన్నీ రాగిరంగుకు తిరిగాయి.

నాలుగో రోజు కరెంటు వచ్చింది. ఆంటీ కొట్టున్న వీధిలో మిగతా కొట్ల వెనక చెత్తడబ్బాలు పాడైన సరుకుతో నిండిపోయాయి. ఆంటీ ఒక్క చేప కూడా పారేయలేదు. మరుసటి ఏడాది లైసెన్స్ తీసుకుని కొట్టు వెనకే పొగగది కట్టించింది. శనివారాలు అక్కడ చేపలు తిప్పడం నేర్చుకున్నాను. నా వేళ్లకు ఆ లెక్క పట్టుబడటానికి రెండేళ్లు పట్టింది.