కొక్కెం లేని జిగ్

నా చిన్నప్పుడు, మేము అమెరికా వచ్చిన తొలి చలికాలం చివర్లో, మా మావయ్య నన్ను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నది మధ్యలో కూర్చోబెట్టి మోసం చేశాడు. మోసమనే ఇప్పటికీ అంటాను. డెబ్బైల చివరి రోజులవి. నాకు పదేళ్ళు. ఆ సాయంత్రం తగిలినంత దెబ్బ నాకు తరవాత పెళ్ళిలోనూ తగల్లేదు, చావుల్లోనూ తగల్లేదు.

మేముండేది అయోవాలో, మిసిసిపీ ఒడ్డునున్న ఒక చిన్న ఊళ్ళో. మావయ్య అంటే మా అమ్మకి సొంత తమ్ముడు. మాకంటే ముందే వచ్చి అక్కడి మాంసం ఫ్యాక్టరీలో కుదిరాడు. నాన్నకీ అందులోనే రాత్రి షిఫ్టు దొరికింది, పగలంతా నిద్ర. నేను బడికి వెళ్ళి, నోరు మూసుకుని కూర్చుని, తిరిగి వచ్చేదాన్ని. తమ్ముడు పుట్టాక ఆ బడి కూడా సరిగా సాగలేదు. నేను నేర్చుకున్న వాటిలో నిలిచింది పుస్తకాల్లోది తక్కువ.

అప్పటికి అమ్మకి నాలుగో నెల. ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు. చేతి గాజులు మోచేతి దాకా జారిపోయేవి. ఇంకో వారం ఇలాగే బరువు తగ్గితే ఆస్పత్రిలో చేర్చాల్సిందే, బిడ్డకి కూడా మంచిది కాదు, తినగలిగింది ఏదైనా పెట్టండి అన్నాడు డాక్టరు. అమ్మ అడిగింది ఒక్కటే, ఏటి చేప పులుసు. కొట్లో దొరికేవి రొట్టెపొడి అద్దిన చదరపు ముక్కలు. పెనం మీద వాటి వాసన లేవగానే ఆవిడ బాత్‌రూమ్‌లోకి పరిగెత్తేది.

ఊరికి ఎగువన డ్యామ్ ఉంది. మంచు కరిగే రోజుల్లో వాల్‌ఐ, సాగర్ అనే రెండు రకాల చేపలు ఎదురీదుకుంటూ వచ్చి దాని కింది గుంటల్లో ఆగుతాయి. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. వాల్‌ఐ పెద్దది, తోక కింది కొసన తెల్లగా ఉంటుంది. సాగర్ చిన్నది, వీపు రెక్క మీద నల్లచుక్కలు, ఇంకాస్త లోతున తిరుగుతుంది. రెండూ నేలని అంటిపెట్టుకుని ఉంటాయి కాబట్టి బెండు కట్టి పట్టడం కుదరదు, జిగ్ కావాలి. అదేం పెద్ద వస్తువు కాదు. సీసం కరిగించి అచ్చులో పోసి, కొక్కేనికి తలకాయలా అంటిస్తారు. మావయ్య మెకానిక్ షెడ్ల దగ్గర పారేసిన, కారు చక్రాలకి తూకం కోసం బిగించే సీసం ముక్కలు ఏరుకొచ్చి తనే పోసుకునేవాడు. దాన్ని నది అడుగుకి దింపాలి, జానెడు లేపాలి, మళ్ళీ నెమ్మదిగా దింపాలి. పనంతా అదే.

అంతకుముందు శనివారం ఆ పని నేను చెయ్యలేకపోయాను. ఇండియాలో మా ఊరి పంటకాలవలో బెండు మునిగిందంటే ఒక్క గుంజు గుంజడమే నాకు తెలుసు. ఇక్కడ సీసం రాయికి టక్కుమనగానే చేపనుకుని గుంజేదాన్ని. కొక్కెం రాళ్ళ సందున దిగబడి దారం తెగేది. ఒక్క పూటలో తొమ్మిది జిగ్గులు పోగొట్టాను. మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

రెండో శనివారం మళ్ళీ ఫ్యాక్టరీలో ఎవరిదో బోట్ అడిగి తెచ్చాడు. నీళ్ళ మీద మంచు పలకలు ఇంకా తేలుతున్నాయి. నాకు నారింజరంగు జాకెట్ బిగించి, రాడ్ చేతికిచ్చి, కట్టి ఉంచిన జిగ్‌ని తనే నీళ్ళలోకి వదిలాడు. దాని చుట్టూ గుబురుగా జింక వెంట్రుకలు కట్టి ఉన్నాయి.

“దీన్ని నువ్వు ముట్టుకోకు. చెయ్యి వాసన తగిల్తే చేప రాదు. పైకొచ్చినప్పుడల్లా నేనే సూత్తాను,” అన్నాడు.

“మరి నువ్వు వెయ్యవా?”

“నేనేత్తే బోట్ ఎవడు సూత్తాడే, మీ తాతా?”

అది నిజమే అనుకున్నాను. జిగ్ పనిలో సగం బోట్‌దే. నీళ్ళు ఎంత వేగంతో పోతుంటే బోట్ కూడా అంతే వేగంతో జారాలి, అప్పుడే దారం నిటారుగా కిందికి ఉంటుంది. దారం వాలిందంటే అడుగున ఏం జరుగుతోందో చేతికి తెలియదు. మావయ్య మోటార్‌ని కాస్త ముందుకీ కాస్త వెనక్కీ అంటూ నా దారాన్నే చూస్తూ కూర్చున్నాడు.

టక్కుమన్నప్పుడల్లా గుంజాను. ఏమీ రాలేదు, కానీ ఒక్కసారీ రాయికి పట్టుకోలేదు. నాకు గర్వమొచ్చింది.

“చూశావా మావయ్యా, ఇయ్యాల ఒక్కటీ పోలేదు!”

“సూత్తానే ఉన్నాను. మహా పనిమంతురాలివి.”

మధ్యాహ్నానికి చెయ్యి నొప్పెట్టి గుంజడం మానేశాను. ఊరికే లేపడం, దింపడం. అప్పుడు అడుగు నెమ్మదిగా తెలియడం మొదలైంది. రాయైతే టక్కుమంటుంది. ఇసకైతే మెత్తగా కూర్చుంటుంది. ఆల్చిప్పలైతే గరగరలాడతాయి. దింపుతూ లోపల్లోపల లెక్కపెట్టుకునేదాన్ని. ఒకటి, రెండు, నేల. ఒకటి, రెండు, నేల. ఒకసారి రెండు దాటినా ఏమీ తగల్లేదు. దారం ఊరికే వదులైంది.

“మావయ్యా, నేల పోయింది.”

“పోనీలే. మళ్ళీ దింపు.”

ఇంకో గంటకి మళ్ళీ అలాగే అయింది. పొద్దు వాలబోతుండగా ఇంకోసారి. గుంట వచ్చిందనుకున్నాను. తరవాత అమ్మ మొహం గుర్తొచ్చి, ఉత్త చేతుల్తో ఇంటికెలా పోవాలో తెలియక ఏడుపు మొదలెట్టాను. మావయ్య మోటార్ ఆపి, దారం పైకి లాగి, ఆ జింక వెంట్రుకల్ని రెండు వేళ్ళతో విడదీసి నా మొహం ముందు పెట్టాడు.

కొక్కెం లేదు. సీసం తలకాయకి కిందగా, మొదటికంటా కోసేసి ఉంది.

ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పొద్దుటి నుంచి ఆ చలిలో నేను నదిలో ఆడించింది ఒక సీసం ముక్కనన్నమాట. ఒక పెద్దమనిషి చిన్నపిల్లని ఇలా చేస్తాడని, అదీ సొంత మావయ్య చేస్తాడని, నా బుర్రకి ఎక్కలేదు.

“అమ్మ పొద్దుటి నుంచీ ఏం తినలేదు!” అని అరిచాను.

“తెల్సు. నాకూ అక్కేగా.”

“మరి ఎందుకు చేశావు?”

“నేల ఎన్నిసార్లు పోయిందే?”

“మూడు.”

“ఆ మూడూ చేపలే.”

జిగ్ దిగేటప్పుడే చేప దాన్ని నోట్లో పెట్టుకుంటుందట. అందుకే అది అడుగుకి చేరదు, దారం వదులవుతుంది. నేను టక్కుమన్నప్పుడల్లా లాగింది రాళ్ళని. చేప వచ్చిన మూడుసార్లూ నాకేమీ తగల్లేదని ఊరుకున్నాను. మూడు చేపలు, కొక్కెం లేక, నా చేతిలోంచే వెళ్ళిపోయాయి.

“మరి నువ్వే పట్టొచ్చుగా! నీకు తెలుసుగా!”

మావయ్య కుడిచేతి గ్లవ్ తీశాడు. పెట్టెలోంచి కొక్కెం ఉన్న జిగ్ ఒకటి తీసి, దాని ముల్లుతో తన చూపుడువేలి కొసన పొడుచుకున్నాడు. చిన్న నెత్తుటి బొట్టు లేచింది. ఆయన మొహంలో నొప్పి జాడే లేదు.

“ఫ్యాక్టరీ చలిగదిలో కత్తి పట్టీ పట్టీ యేళ్ళు సచ్చిపోయినియ్యే. పోయినేడు నించి నాకు రాయీ ఒకటే, సేపా ఒకటే. కొక్కేలు అయిపోయి ఇయ్యి రెండే మిగిలినియ్. నీ చెయ్యి తెలుసుకోకుండా ఇచ్చుంటే ఇయ్యి కూడా రాళ్ళకే పోయేయి. మీ అమ్మతో అనకు.”

ఆ నెత్తుటి బొట్టు బోట్ అంచున పడింది. తుడుచుకోవాలని కూడా ఆయనకి తెలియలేదు, నేనే నా మఫ్లర్‌తో తుడిచాను. నా కోపం ఎటు పోయిందో తెలియదు. దాని చోట భయం కూర్చుంది. ఇంట్లో అందరికంటే బలమైన మనిషి అనుకున్నవాడు ఇన్నాళ్ళూ నా చేతికోసం చూస్తున్నాడు.

మావయ్య కళ్ళు చికిలించి, ఆ కొక్కెం ఉన్న జిగ్‌ని నా దారానికి పళ్ళతో బిగించి ముడి వేశాడు. వెలుగు పోయేలోగా బోట్‌లో ఇంకొక్కసారి జారొచ్చు. ఒకటి, రెండు, నేల. ఒకటి, రెండు, నేల. మావయ్య దారాన్ని చూడడం మానేసి నా మొహం చూస్తున్నాడు. ఒకటి, రెండు.

నేల రాలేదు.

గుంజలేదు. రాడ్‌ని మెల్లగా పైకెత్తాను. అడుగునుంచి ఏదో తల అడ్డంగా ఊపింది. మూరకి కాస్త తక్కువ సాగర్, వీపు రెక్క మీద నల్లచుక్కలతో, బోట్‌లోకి వచ్చి పడింది.

ఆ పులుసు అమ్మ రెండుసార్లు అడిగి వడ్డించుకుని తింది. రాత్రంతా కడుపులో నిలిచింది. అన్నం ముందు ప్రార్థన కూడా మరిచిపోయి తరవాత చేసింది. “ఎవరు పట్టార్రా?” అని అడిగితే, “నీ కూతురే. నేను ఉత్త డ్రైవర్ని,” అన్నాడు మావయ్య. మిగిలిన ఆ రెండు జిగ్గులతోనే మంచు పూర్తిగా కరిగేదాకా చేపలు పట్టాను. అమ్మ ఆస్పత్రికి వెళ్ళింది మళ్ళీ తమ్ముడు పుట్టినప్పుడే. వేళ్ళ సంగతి మావయ్య పోయేదాకా నేను ఎవరికీ చెప్పలేదు.

కొక్కెం లేని ఆ సీసం ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది. పనికొచ్చిన వస్తువుని నేను పారెయ్యను. మా పెద్దమ్మాయి ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూ కారులోంచి ఫోన్ చేసి, అత్తగారి మీద పది నిమిషాలు సణుగుతుంది. ఒక నెల సణగడం మానేసింది. అమ్మయ్య, కుదుటపడింది అన్నారు ఇంట్లోవాళ్ళు. నేను బస్సెక్కి పదకొండు గంటలు ప్రయాణం చేసి వెళ్ళాను. అక్కడ ఏం చూశానో రాయను, ఆలస్యం కాకుండా వెళ్ళాను, అంతే.

నా మనవలు నన్ను చాదస్తం మనిషి అంటారు. అననీ. రోజూ వినపడే చప్పుడు ఇంట్లో వినపడకపోతే నేను చేతిలో పని ఆపి లోపల్లోపల ఒకటి, రెండు అనుకుంటాను. మూడు దాకా ఆగను. లేచి వెళ్తాను.