ఇరవై నాలుగు బొట్లు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, నన్ను రేణిగుంట విమానాశ్రయానికి లైన్ మెయింటెనెన్స్ ఇంజనీరుగా వేశారు. సొంత ఊరు తిరుపతి కాబట్టి కాగితం చూడగానే ఎగిరి గంతేసినంత పని చేశాను. లైన్ మెయింటెనెన్స్ అంటే విమానాన్ని విప్పి బాగుచేసే పని కాదు. దిగిన విమానం మళ్లీ బయలుదేరే లోపు, ఉన్న నలభై నిమిషాల్లో, చుట్టూ తిరిగి చూసి, ఎగరడానికి యోగ్యమేనని లాగ్ పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే కెప్టెన్ ఇంజిన్ స్టార్ట్ చేయడు.

నా కింద టెక్నీషియన్ మునిరత్నం. సత్యవేడు మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. మంచి పనిమంతుడు గాని నోటికి విశ్రాంతి లేదు. నేనేమో ముక్కోపిని, రోజుకొకసారైనా కసరకుండా ఉండలేను. "మీరు కసరకపోతే ఒంట్లో బాగలేదేమో అనుకుంటాను సార్" అని నవ్వేవాడు. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది.

ఆ ఏడు ఆయుధ పూజ రోజు పొద్దున వచ్చి, "సార్, మిషన్లకు బొట్టు పెట్టుకోవచ్చునా?" అని అడిగాడు. కాగితాల్లోంచి తలెత్తకుండానే "పెట్టుకో పో" అన్నాను. నా లెక్కలో మిషన్లంటే విమానాన్ని లాగే ట్రాక్టరు, నిచ్చెనలు, స్పానర్ల పెట్టె. విమానానికి ఏదీ పూయకూడదు, అంటించకూడదు అన్నది మా వృత్తిలో అందరికీ తెలిసిన నియమం. వేరే చెప్పాలని నాకు తోచలేదు.

మధ్యాహ్నం విమానం దిగింది. టార్చి పట్టుకుని చుట్టూ తిరిగాను. టైర్లు, బ్రేకులు, రెక్కలు చూశాను. రెండు ఇంజిన్ల మూతుల్లోకీ వెలుగు వేసి ఫ్యాన్ బ్లేడ్లు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాక్‌పిట్‌లోకెళ్లి సంతకం పెట్టి దిగేసరికి, ఎడమ ఇంజిన్ ముందు మునిరత్నం గంధం గిన్నెతో నిలబడి ఉన్నాడు. ఇరవై నాలుగు బ్లేడ్లకూ గంధం, కుంకుమ పెట్టేశాడు.

"ఏమయ్యా ఇది? బుద్ధుందా నీకు?" అని అరిచాను.

"మిషన్లకు పెట్టుకోమంటిరి గదా సార్! ఒకదానికి పెట్టి ఇంకొకదానికి పెట్టకపోతే ఎట్ల?"

అప్పటికి గాని నాకు వెలగలేదు, అతని లెక్కలో అసలు మిషనంటే ఇదేనని. ఒక్క మరక కూడా మిగలకుండా తుడవమన్నాను. మొహం చిన్నబుచ్చుకుని తడిగుడ్డ తెచ్చాడు. చేత్తో ఫ్యాన్ తిప్పుతూ ఒక్కో బ్లేడూ తుడుస్తున్నాడు. తిరిగేటప్పుడు బ్లేడ్లు వాటి గాడుల్లో కదిలి టకటకమంటాయి. ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగింది.

"సార్, ఈడ గుడ్డ పట్టుకుంటా ఉండాది. సూడండి."

వేలితో తడిమాను. బ్లేడు ముందంచులో, మొదలుకు దగ్గరగా, గోరు దిగేంత నొక్కు. ఏ ఊళ్లో ఏ రాయి తగిలిందో! లోతు కొలిచి మాన్యువల్ తీశాను. అనుమతించిన హద్దు దాటింది. పది నిమిషాల కిందట నేను చూసి, బాగుందని సంతకం పెట్టిన బ్లేడు అది. 

స్టేషన్ మేనేజరు పరుగున వచ్చాడు. చిత్తూరాయన, ప్రయాణికులను ఎక్కించే హడావిడిలో ఉన్నాడు. "ముందరుండే ఫ్యానుకే గదప్పా దెబ్బ? లోపలి ఇంజిను బాగానే ఉండాది గదా, పంపిచ్చేద్దాం" అన్నాడు.

చాలామంది అలాగే అనుకుంటారు. ఫ్యాన్ లోపలికి గాలి పంపుతుందని, లోపల మంట మండి వెనక నుంచి తన్నుకొచ్చే వేడిగాలే విమానాన్ని తోస్తుందని. నిజానికి ఆ ఇంజిన్ మింగే గాలిలో మంట దాకా పోయేది ఒక పాలే. దానికి ఐదు రెట్ల గాలి మంట జోలికే పోకుండా, చుట్టూ ఉన్న దారిలో వెనక్కి పోతుంది. లోపలి మంట చేసే ముఖ్యమైన పని, వెనకున్న టర్బైన్‌ను తిప్పి, ఇరుసు ద్వారా ముందున్న ఈ ఫ్యాన్‌ను తిప్పించడం. విమానాన్ని ముందుకు తోసే బలంలో ఎక్కువ వంతు ఫ్యాన్ వెనక్కి నెట్టే చల్లగాలిదే. కొంచెం గాలిని విపరీతమైన వేగంతో చిమ్మడం కంటే ఎక్కువ గాలిని నిదానంగా నెడితే ఇంధనం తక్కువ పడుతుంది, చప్పుడూ తగ్గుతుంది. ఇదంతా మేనేజరుకు చెబుతుంటే మునిరత్నం అందుకున్నాడు.

"మా మామకు పులికాట్‌లో పడవుండాది సార్. వెడల్పు తెడ్డుతో నిదానంగా తోస్తే పడవ పోతాది. సన్నకట్టెతో ఎంత కొట్టుకున్నా నీళ్లు చిందేదే గాని పడవ కదలదు."

ముప్పై ఏళ్లు కొత్తవాళ్లకు పాఠం చెప్పిన నాకు ఆ తెడ్డు ఎన్నడూ తట్టలేదు. ఆ తెడ్డే విరిగితే? నిమిషానికి వేల చుట్లు తిరిగే ఫ్యాన్‌లో మొదలు దగ్గరి నొక్కు పగులుగా పెరిగితే బ్లేడు ఊడిపోవచ్చు. విమానాన్ని నిలిపేయమన్నాను. ప్రయాణికులను బస్సుల్లో చెన్నై పంపారు.

ఇక రాయడం మిగిలింది. మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. "బొట్టు సంగతి రాస్తే వాడి ఉద్యోగం పోతాది. చూసి వదిలేసినానంటే నీ లైసెన్సుకు ముప్పు. మళ్లీ ఒకసారి చూస్తే నీకే కనపడిందని రాయి. ఇద్దరూ బతికిపోతారు" అన్నాడు. చెడ్డవాడు కాదు, మా మంచికే చెప్పాడు. ఆశ కూడా పుట్టింది నాకు. మునిరత్నం దూరంగా గంధం గిన్నె పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. 

జరిగింది జరిగినట్టు రాశాను. నా తనిఖీలో నొక్కు కనపడలేదని, సంతకం తర్వాత బ్లేడు తుడుస్తూ టెక్నీషియన్ కనిపెట్టాడని, బొట్టు పెట్టడానికి అనుమతి ఇచ్చింది నేనేనని, ఏ మిషన్‌కో అడగలేదని. విచారణ తర్వాత మూడు నెలలు నా సంతకం హక్కు ఆపేశారు. మునిరత్నానికి ఒక హెచ్చరిక కాగితం, ఒక మెచ్చుకోలు కాగితం ఒకే కవరులో వచ్చాయి. ఏది ముందు చదవాలో చెప్పమని నా దగ్గరికే తెచ్చాడు.

మరుసటి ఏడు ఆయుధ పూజకు ట్రాక్టరుకు, నిచ్చెనలకు, స్పానర్లకు బొట్లు పెట్టి, బొరుగులు పంచి, చివరికి నా దగ్గరికి వచ్చాడు.

"చెయ్యి సాపండి సార్."

"ఎందుకయ్యా?"

"విమానానికి పెట్టకూడదంటిరి. ఇది పనిముట్టే గదా!" అంటూ నా చూపుడు వేలికి గంధం పూసి కుంకుమ పెట్టాడు. 

కన్ను చూశానని చెప్పేది సగం తనిఖీ మాత్రమే. మధ్యాహ్నం విమానం దిగింది. వేలి బొట్టు శుభ్రంగా కడుక్కుని, రెండు ఇంజిన్లలోనూ ఒక్కో బ్లేడు అంచునూ తడిమి చూశాను. ఆ తర్వాతే సంతకం పెట్టాను.