బొటనవేలి మీది గీత

దెయ్యాల కబుర్లు మొదలైతే మధ్యలో లేచిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఇది చెప్పాలంటే నాకే చిరాకు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో రాతి బొమ్మల వయసు మీద పరిశోధన చేసేవాణ్ణి. టెక్కలి అవతల ఒక కొండచరియ కింద, తెల్లమట్టితో అద్దిన అరచేయి ఉంది. ఆ మట్టిలో కార్బన్ ఉండదు, వయసు నేరుగా తేలదు. ఆస్ట్రేలియా ఆదివాసుల బొమ్మలకి వాడిన ఉపాయమే నేనూ పట్టుకున్నాను. బొమ్మ మీద కందిరీగ మట్టిగూడు కట్టి ఉంటే, ఆ గూటి మట్టిలో చిక్కిన బొగ్గు నలుసులకి వయసు కట్టించాలి. బొమ్మ అంతకంటే పాతదన్నమాట.

ఆ అరచేతి బొటనవేలి మీద అలాంటి గూడొకటి రాయిలా బిగుసుకుపోయి ఉంది. మే నెల, మిట్టమధ్యాహ్నం. కాశీబుగ్గలో సైన్సు మాస్టారుగా చేసే మా బావ బండి మీద తీసుకెళ్లాడు.

గూడు ఊడదీశాను. కింద తెల్లమట్టి తడిగా మెరుస్తోంది. వేలు పెడితే జారింది. బొమ్మ బొటనవేలికి అడ్డంగా గీత పడింది.

బావ కూడా ముట్టుకుని చూశాడు. "ఇదేటి బావా, ఇంకా ఆర్నేదు" అన్నాడు.

చుట్టూ రాయి చెయ్యి కాలేలా ఉంది. వాన పడి నెలలైంది. ఊట లేదు, పగులు లేదు. మేం ఫొటో తీసేలోపే ఆరిపోయింది.

గూడు వేల ఏళ్ల నాటిదని రిపోర్టు వచ్చింది. మా గైడు సంబరపడ్డాడు. తడి సంగతి చెబితే, "ఎండదెబ్బ. అది మాత్రం థీసిస్‌లో రాయకు" అన్నాడు.

రెండేళ్లకి ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్లాను. నేను గీసిన గీత మీద గోధుమరంగు పొర పట్టి ఉంది. రాతి మీద అలాంటిది పట్టాలంటే తరాలు గడవాలి. ఆయనే స్వయంగా గీకి పరీక్షకి పంపాడు. నేను ఊడదీసిన గూటికంటే ఆ పొరే పాతదని తేలింది.

"అయితే ఆ గీత నువ్వు గీసింది కాదు. బొమ్మ వేసినవాడిదే" అని తేల్చేశాడు.

ఫొటోలు ముందు పెట్టాను. మొదటిదాంట్లో గూడుంది, రెండోదాంట్లో గీతుంది. గూటి కింద గీత ముందే లేదని ఏ ఫొటో చెబుతుంది? ఎంత వాదించినా ఆయన వినలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ వినను.

బావని ఎప్పుడడిగినా ఒకటే మాట. "నువ్వు గీత్తంటే నాను సూసినాను." అంతకుమించి నాకూ తెలీదు.