ఖాళీ సీట్ల పరీక్ష

1939లో తై నెలలో, అంటే సంక్రాంతి నెలలో, రాజపాళయంలోని మా బస్సు కంపెనీ షెడ్డుకు నన్ను ఆక్టింగ్ ఫోర్‌మన్‌గా వేశారు. ఆక్టింగ్ అంటే పని ఫోర్‌మన్‌ది, కుర్చీ మాత్రం కాదు. షెడ్డు మూలన చేతుల కుర్చీ ఒకటి ఉండేది. పర్మనెంట్ అయినవాడే అందులో కూర్చోవాలి. అది రూలేమీ కాదు, అలవాటు. ఆరు నెలలు మాట పడకుండా గడిపితే కుర్చీ నాదవుతుందన్నారు. తళవాయిపురం, సేత్తూరు రూట్లలో తిరిగే బస్సులన్నీ నా చేతికిందే, నేను మాత్రం పాత టైరు మీద కూర్చుని రిపోర్టులు రాసేవాణ్ణి.

నా పర్మనెంట్ ఆర్డరు మీద సంతకం పెట్టవలసినవారు నరసరాజా గారు. కంపెనీలో భాగస్తులు, ముప్పై ఏళ్లవారు, మనిషి మంచివారే. కార్ల పిచ్చి తప్ప వేరే దురలవాటు లేదు. వైకాసి నెల ఎండలకు సేత్తూరు దగ్గర కన్మాయి ఎండిపోతే, ఆ చెరువు అడుగు గట్టిపడి ఇనుములా అవుతుంది. చుట్టుపక్కల మోటార్లున్న నలుగురు స్నేహితులు ఒక ఆదివారం అక్కడ పందెం పెట్టుకున్నారు. వంపుల్లో పక్కకు ఒరగకుండా నేలను కరచుకుని పోవాలని, కారును మూడు అంగుళాలు దించమని నరసరాజా గారు నాకు హుకుం వేశారు. ఎందుకు మూడంటే, స్నేహితులతో మూడని చెప్పేశారు.

అప్పటి కార్లకు ముందొకటి వెనకొకటి అడ్డంగా ఇరుసులు, వాటి మీద కమాను పట్టీలు. ఉక్కు పట్టీలను ఒకదాని కింద ఒకటి, పొడవు తగ్గిస్తూ పేర్చి, విల్లులా వంచి బిగిస్తారు. చాసిస్, అంటే బండి చట్రం, దాని బరువంతా ఈ కమానుల మీదే. బండి దించాలంటే ఆ వంపు తగ్గించాలి. కొలిమిలో కాల్చి వంచితే సుఖమే, కానీ ఉక్కు పదును పోతుంది. పోయిన పదునును తిరిగి ఎక్కించే సాధనం మా షెడ్డులో లేదు. అందుకని పట్టీని దిమ్మె మీద పెట్టి, చల్లగా ఉండగానే, ఈ కొస నుంచి ఆ కొస దాకా సుత్తితో వరసగా కొడుతూ రావాలి. నేనూ మా ఫిట్టరు మాడసామీ నాలుగు రోజులు కొట్టాం. ఐదో రోజు ఇంట్లో మా ఆవిడ ఏమడిగినా నాకు వినపడలేదు. ఆ ఒక్క రోజూ మా సంసారం సుఖంగానే సాగింది.

అంత కొట్టినా దిగింది రెండు అంగుళాలే. మూడో అంగుళం కోసం ఒక్కో కమానులో ఒక్కో పట్టీ తీసేశాను. పట్టీ తీస్తే బండి దిగుతుంది, నిజమే. కానీ కమాను మెత్తబడి, గుంతలో పడ్డప్పుడు మునుపటికంటే ఎక్కువ కుంగుతుంది. ఇది నాకు తెలియక కాదు. పెద్దవారు మూడన్నారు కదా, రెండని చెప్పడానికి నోరు రాలేదు.

దించిన బండికి పరీక్ష తప్పనిసరి. ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య ఎంత ఖాళీ మిగులుతుందో చూడాలి. స్టీరింగు పెట్టె నుంచి చక్రానికి పోయే రాడ్డు కూడా చాసిస్ కిందుగానే పోతుంది. బండి కుంగినప్పుడు రాడ్డు చాసిస్‌ను తాకితే చక్రం తిరగదు. తిరగకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా! మాకు ఒక పద్ధతి ఉండేది. పుట్టమన్నులో కాస్త ఆముదం కలిపి, ముద్దలు చేసి, ఇరుసు మీదా రాడ్డు మీదా అంటించేవాళ్లం. సీట్ల నిండా మనుషుల్ని ఎక్కించి, గుంతల్లో తోలి వచ్చి, ముద్ద ఎంత నలిగిందో చూసేవాళ్లం. బస్సులకు ఏ లోటూ లేకుండా జరిగేది ఈ పరీక్ష. టికెట్టు లేకుండా షికారంటే ఎవరు కాదంటారు?

కారు దగ్గరికి వచ్చేసరికి ఒక్కడూ ఎక్కలేదు. మాడసామి చేతులు తుడుచుకుంటూ, “రాజా కూర్చునే సీటులో నేనెట్లా కూర్చునేది అన్నా? మా అమ్మకు తెలిసినాదంటే కూడు పెట్టదు” అన్నాడు. ఇసుక మూటలు వేద్దామంటే, ఆ తోలు సీట్ల మీద ఇసుకా! వాళ్లను అని ఏం లాభం, నేను మాత్రం తక్కువ తిన్నానా? డ్రైవరు సీటు అంచున తుండుగుడ్డ పరుచుకుని, సగం గాలిలో సగం సీటులో కూర్చుని, పెళ్లి ఊరేగింపులా రైలు గేటు దాకా తోలి వచ్చాను. మట్టి ముద్దలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నరసరాజా గారి దగ్గరికి వెళ్లి, సరిగా ఉందని చెప్పాను.

ఆ ఇంట్లో ఒక ఆచారం. బండికి ఏ పెద్ద పని జరిగినా, ముందు చోళపురం వైపున్న కులదేవత గుడికి పోయి పొంగలి పెట్టి రావాలి. శుక్రవారం పొద్దున కారులో బయలుదేరినవారు నరసరాజా గారి పెద్దమ్మగారు, ఇద్దరు కోడళ్లు, పొంగలి కుండ, ఎక్కడికైనా తోకలా వెంటవచ్చే తెల్ల వేటకుక్క, తోలడానికి నరసరాజా గారు. పెద్దమ్మగారు భారీ మనిషి. ఆవిడ గుడికి వస్తే అర్చకుడు మంత్రం తప్పు చదవడు. మనిషే కాదు, గొంతు కూడా అంతే.

తిరిగొచ్చాక బండి కిందికి దూరి చూశాను. ఇరుసు మీది ముద్ద అప్పడమై ఉంది. రాడ్డు మీద ముద్దే లేదు. పెయింటు గీరుకుపోయి ఇనుము తళతళా మెరుస్తోంది. పర్మనెంట్‌కు ఇంకా నెలే ఉంది, పందెం ఎల్లుండి.

మాడసామి కూడా దూరి చూశాడు. “మన్ను మళ్లీ పెట్టేసి ఊరుకుందామన్నా. ఎవురికి తెలుస్తాది?” అని గుసగుసలాడాడు. ఎందుకు దాచాలి, ఆ మాట నాకు రుచించింది. ఒక చుట్ట కాలేంత సేపు ఆ టైరు మీదే కూర్చుని ఆలోచించాను. చెబితే కుర్చీ పోతుంది. చెప్పకపోతే కన్మాయిలో ఆయన మెడ పోతుంది, అదీ నేను సరే అన్న బండిలో. లేచి వాళ్ల ఇంటికి నడిచాను.

నరసరాజా గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. పట్టీలు తీసిన సంగతితో సహా విషయం చెప్పాను. ఆయన నవ్వేశారు. “అది పెద్దమ్మ బరువుకు దిగినాదప్పా. ఆదివారం నేనొక్కడే గదా పొయ్యేది?”

లోపలి నుంచి గొంతు వచ్చింది. “ఎవురి బరువురా?”

నేను వేటకుక్క వంక చూస్తూ నిలబడ్డాను. ఇక మునిగినవాడికి చలేమిటని చెప్పేశాను. “నలుగురు మెల్లగా పొయ్యేదీ, ఒక్కరు జోరుగా పోయి గుంతలో పడేదీ ఒకటే అయ్యా. జోరు గూడా బరువే.”

ఆయన నవ్వు ఆగింది. “అట్లయితే ఆ పొద్దు సరి అని ఎందుకు చెప్పినావు?”

అదీ ప్రశ్న. దానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే జవాబు. ఎవరమూ కూర్చోలేదని చెప్పాను. ఎందుకు కూర్చోలేదన్నారు. “మీ సీటు గదా అయ్యా” అన్నాను.

పెద్దమ్మగారు గడప దాటి వచ్చారు. ముందు నరసరాజా గారిని చూశారు, తర్వాత నన్ను. “సీటుకు మర్యాద చేసి మనిషిని చంపుకుంటారా? ఏమి మర్యాదరా ఇది! పిలువు మీవాళ్లను. అందరూ ఎక్కండి. రేయ్ నరసా, నువ్వు తోలు, ఎట్లా పోతాదో చూద్దాం.”

అలా మాడసామి, ఇంకో ముగ్గురు ఫిట్టర్లు, నేను, జన్మలో మొదటిసారి ఆ తోలు సీట్ల మీద కూర్చున్నాం. మాడసామి కళ్లు మూసుకుని కూర్చున్నాడు, అమ్మ గుర్తొచ్చిందేమో. చోళపురం దారిలో కాలువ మీది చిన్న వంతెన, ఆ మోరీ దాటాక ఎడమకు వంపు. నరసరాజా గారు పౌరుషం కొద్దీ జోరుగానే వచ్చారు. మోరీ దిగగానే బండి కుంగింది, కింద ఠంగుమంది, వంపులో స్టీరింగు తిరగలేదు. ఒక్క రెప్పపాటు. బండి తిన్నగా పోయి ముళ్లకంచె తోసుకుని పత్తి చేనులో దిగింది. కమానులు మళ్లీ లేచాక స్టీరింగు వచ్చింది, బ్రేకు పట్టింది, ఆగాం. దెబ్బలు ఎవరికీ లేవు.

నరసరాజా గారు రెండు చేతులూ స్టీరింగు మీద అలాగే ఉంచి కూర్చున్నారు. కాసేపటికి, “ఆ పట్టీ మళ్లీ పెట్టెయ్యి రామసామీ” అని నాతో అన్నారు.

శనివారం నాడు, తీసిన పట్టీలన్నీ మళ్లీ ఎక్కించాం. కొట్టి దించిన రెండు అంగుళాలు చాలనుకున్నాం. పాత బస్సు టైరు కోసి రబ్బరు దిమ్మెలు చేసి ఇరుసు మీద బిగించాను. ఇక కమాను ఎంత కుంగినా ముందు చాసిస్ రబ్బరుకు తగిలి ఆగుతుంది, రాడ్డు దాకా రాదు. సాయంత్రం పరీక్ష. ముద్దలు పెట్టాం, సీట్లు నింపాం. పిలవకుండానే పెద్దమ్మగారు వచ్చి ముందు సీటులో కూర్చున్నారు. “నాకంటే పెద్ద గుండు మీ షెడ్డులో ఉండాదా?” అన్నారు. లేదని ఒప్పుకున్నాం. అదే మోరీ, అదే వంపు, రెండుసార్లు. రాడ్డు మీది ముద్ద చెక్కుచెదరలేదు.

పందెంలో నాలుగు కార్లలో నరసరాజా గారిది మూడోది. కన్మాయి అడుగున పాత గట్లు తగిలి కారు కప్పలా ఎగిరిందని చూసినవాళ్లు చెప్పారు. షెడ్డుకు రాగానే కిందికి దూరాను. నా పక్కనే, తెల్ల చొక్కాతో, ఆయనా దూరారు. రబ్బరు దిమ్మెల అంచులు చితికిపోయి ఉన్నాయి. రాడ్డు మీది మట్టిముద్ద మీద మాత్రం శనివారం నేను నొక్కిన బొటనవేలి గుర్తు అలాగే ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. “మూడోది చాలప్పా” అన్నారు.

ఆర్డరు మరుసటి నెల వచ్చింది. కుర్చీని షెడ్డు మధ్యకు లాగి, ముందు మాడసామిని కూర్చోబెట్టి, కుర్చీ కాళ్లు ఊగుతున్నాయేమో చూసి, ఆ తర్వాత నేను కూర్చున్నాను. బండిని ఎంత దించాలో యజమాని అడగవచ్చు, ఎంత దిగవచ్చో బరువు చెబుతుంది. ఆ బరువును సీటులో కూర్చోబెట్టడానికి మొహమాటపడ్డవాడు మెకానిక్కు కాదు. నేను రిటైరయ్యే దాకా నా షెడ్డులో ఏ బండీ ఖాళీ సీట్లతో పాసవలేదు.