చర్లపల్లిలో డ్యూటీ

నాచారంలో ఎవరి కొడుకు ఏం చేస్తున్నాడని అడిగినా జవాబు ఒకటే: చర్లపల్లిలో డ్యూటీ. కంపెనీలన్నీ అక్కడే కదా. తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు మేము కూడా ఆ మాటనే వాడుకున్నాం. మా అన్న ఉన్నదీ చర్లపల్లిలోనే, కాకపోతే జైల్లో. ఉప్పల్‌లో ఒక కంపెనీ గేటు ముందు కొట్లాట జరిగితే పోలీసులు పట్టుకుపోయినవాళ్లలో అన్న ఒకడు. కేసు విచారణ ఇంకా మొదలే కాలేదు.

"కంపెనీలనే రూమిచ్చిన్రు" అని అమ్మ మా ఇంటి ఓనరుకు చెప్పింది. ఆయన సంతోషపడ్డాడు. "మా అల్లున్ని గూడ జర అండ్ల పెట్టియ్యమను" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

కోర్టు బెయిలిచ్చింది, కానీ ఇద్దరు జమానతు ఉండాలంది. సొంత ఇల్లున్నవాళ్లు ఇద్దరొచ్చి సంతకం పెడితే అన్న బయటికొచ్చేస్తాడు. ములాఖత్‌కు వెళ్లినప్పుడు ఇనుప జాలీ అవతలి నుంచి అన్న అదే అడిగాడు.

"నాయినా, ఓనర్ కాకను అడుగు. చిన్నప్పటి సంది జూసిండు నన్ను. కాదనడు. ఇంకొకల్లను గూడ ఆయననే తోలుకొస్తడు."

అడిగితే డ్యూటీ గుట్టు రట్టవుతుంది. నాన్న అడగలేదు. మళ్లీ ములాఖత్‌లో మాత్రం, "అడిగిన బిడ్డా, ఒప్పుకుంటలేడు. బస్తీల ఎవ్వరు ముందటికొస్తలేరు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అన్న జాలీ మీద నుంచి వేళ్లు తీసేశాడు. పరువు కోసం అలా చేశాడులే అని మా నాన్నను వెనకేసుకొచ్చేవాళ్లంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. సిగ్గుతో చచ్చిపోతాను కూడా, ఆ పరువులో నేనూ తలదాచుకున్నాను మరి.

నెలలు గడిచాయి. ఖైదీల కోసం జైలుకు వచ్చే ఉచిత లాయరమ్మకు అన్న తన సంగతంతా చెప్పుకున్నాడు. బెయిలొచ్చినా జమానతు దొరకనివాళ్లకు, సొంత పూచీ మీద వదలమని కోర్టును అడిగే హక్కుందని ఆమె చెప్పింది. దరఖాస్తు ఆమే వేసింది. అన్న తన సంతకం మీదే బయటికొచ్చాడు. అలాంటి దారి ఉందని మాకు తెలియదు. ఎవరినైనా అడిగితే కదా తెలిసేది.

నాన్నా నేనూ వెళ్లి అన్నను తీసుకొచ్చాం. మెట్ల దగ్గరే ఓనరు ఎదురయ్యాడు.

"ఏం కొడుకా, మస్తు సన్నబడ్డవు. డ్యూటీ గంత కష్టమా?"

అన్న ఆగాడు. "ఎందుకు కాకా ఎక్కిరిస్తవు? నువ్వు జమానతు ఇయ్యకున్నా జైలు నుంచి వచ్చిన గద."

ఓనరు మొహం పాలిపోయింది. "జైలేంది? జమానతు కోసం నన్నెవరు అడిగిన్రు? అడిగితే ఇయ్యకపోదునా?"

చెప్పులు విడవడానికి వంగిన నాన్న తల ఎత్తలేదు. అన్న ఆయన వైపు చూశాడు, తరువాత నా వైపు.

"అయితే నన్ను లోపల ఉంచింది కోర్టు గాదన్నట్టు" అన్నాడు.

అమ్మ అన్నానికి పిలిచింది. అన్న మెట్ల మీదే కూర్చున్నాడు, లోపలికి రాలేదు.