మా పిల్లకు రాని ఒకటి

కోయంబత్తూరు మిల్లు కూలీల లైను ఇళ్ళలో పగలు ఒంటరిగా ఉండడమంటే ఏమిటో నన్ను అడగాలి. పొద్దున షిఫ్టుకు పిలిచే సంగు మోగగానే మా వరుసలోని ఆడవాళ్ళంతా నూలు చుట్టే రీలింగు పనికి పోయేవారు. మా ఆయన రాత్రి షిఫ్టు చేసి వచ్చి, తలలో దూది కూడా దులుపుకోకుండా పడుకొనేవాడు. నాతో మాట్లాడేది నా కూతురొక్కతే. ఐదేళ్ళ వసపిట్ట.

దానికి లెక్క నేర్పింది నేనే, బియ్యం కొలుస్తూ. మా పుట్టింట్లో వడ్లు కొలిచేటప్పుడు మొదటి పడిని ఎవరూ ‘ఒకటి’ అనరు. ‘లాభం’ అంటారు. అట్లా అంటే గింజ పెరుగుతుందని నమ్మకం. ఆ తర్వాతే రెండు, మూడు. నా నోటికి అదే అలవాటు, పిల్లకూ అదే పట్టుబడింది. ఉల్లిపాయలైనా, ఆరేసిన బట్టలైనా దానికి లాభంతోనే మొదలు.

బడిలో చేర్చబోతే టీచరమ్మ బల్ల మీద సుద్దముక్కలు పెట్టి ఎంచమంది. ఆవిడా మా తెలుగువాళ్ళే. నా కూతురు గొంతెత్తి, “లాభం, రెండు, మూడు” అంది. టీచరమ్మ పకపకా నవ్వింది.

“మా ముసలి పాట్టి కూడా ఇట్లే కొలుస్తా ఉండె. సరి కన్నూ, ఒకటి ఏది?”

పిల్ల నా మొహం చూసింది. దానికి ఒకటి తెలియదు.

“ఇంకొక ఏడు ఇంట్లో పెట్టుకోమ్మా. వచ్చే ఏడు చూస్తాము.”

నాకు సిగ్గు వేయాల్సింది. సంతోషం వేసింది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. ఇంకో ఏడాది నా ఇంట్లో మాట వినిపిస్తుంది.

కాని పిల్ల దారి పొడవునా ఏడ్చింది. ఇంటికొచ్చీ అన్నం ముట్టలేదు. గడప దగ్గర కూర్చొని, బడి వదిలి వచ్చే పిల్లలనే చూస్తూ ఉండిపోయింది. నాకు ఒళ్ళు మండింది, పిల్ల మీద కాదు. నాకు పొద్దుపోవడానికా దీన్ని కన్నాను? పక్కన చతికిలబడి నేల మీద ఒక చింతగింజ పెట్టాను.

“ఇది ఒకటి.”

“లాభం గదా మా?”

“బళ్ళో ఒకటి అనాల. తోడు లేకుండా ఒంటిగా ఉండాది చూడు, అది ఒకటి.”

పక్కన ఇంకోటి పెట్టి రెండన్నాను. పిల్ల ఆ రెండో గింజను తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. కళ్ళు తుడుచుకొని నా వైపు తిరిగింది.

“అట్లయితే నేను బడికి పోతే నువ్వు ఒకటి. సరియా మా?”

నాకు ఏడుపు ఆగలేదు. “సరి” అన్నాను.

మర్నాడు మళ్ళీ టీచరమ్మ ముందు నిలబెట్టాను. తడబడకుండా ఎంచింది. ఒక్కదాన్నే ఇంటికి నడిచాను.